తరుగు పోను

జులై నెల. చిత్తూరు యార్డులో తోతాపురి దిగతా ఉండాది.
గేటు కాడ నించి పెట్రోలు బంకు దాకా ట్రాక్టర్లు.
నేను కాటా కాడ నిలబడి బరువులు రాస్తా ఉంటే
చెవిలో ఇంతియాజు ఫోను:
"అన్నా, లాలును వదిలేసినారంట."

పెన్ను నిలిచిపోయింది.
"ఏమబ్బా, నా కాయల మీద నిద్రపోతా ఉండావా?"
రైతు అరిచినాడు.

లాల్‌థన్‌మావియా.
ఆ పేరుకు నోరు తిరగడానికే నాకొక సీజను పట్టింది.
యాడో ఐజ్వాల్ నించి దిగొచ్చి
మన పాలారు ఎఫ్.సి.కి ఆరేండ్లు ఎడమ పక్క కాపలా.
రాయవేలూరు గ్రౌండులో మోకాటి లోతు బురదలో
బంతి కనిపించని నాడు కూడా
బంతి యాడుందో వాని కాలికి తెలుసు.

కాంట్రాక్టు అయిపోయిందంట. ఫ్రీ ఏజెంటంట.
కోల్‌కతా వాళ్లు ఎత్తుకోని పొయ్యినారంట,
మనకు ఒక్క రూపాయి రాకుండా.
జనవరిలో అమ్మింటే కోటి వచ్చుండు!
కోయాల్సిన నాడు కాయ కోయలా,
మాగి రాలినాక గంప పట్టుకోని పరిగెత్తితే
ఈగలు తప్ప ఏమొస్తాది?

వాని జాగాలోకి ఎవురంటే,
గోవా పిల్లోణ్ని ఇచ్చేసి
కొచ్చి నించి ముప్పై అయిదేండ్లోణ్ని మార్చుకున్నారు.
మార్పిడంటే మా అవ్వ చేసేది.
పాత చీరలకు స్టీలు గిన్నె.
గిన్నెను బోర్లించి, గోటితో కొట్టి,
ఆ మోత ఆగేదాకా చెవి పెట్టి విని
అప్పుడు గానీ చీర చేతిలోంచి వదిలేది గాదు.
మా మేనేజరు గోరన్నా ఆనించినాడా?

ఇంక ఆ బ్రెజిలోడు. మోకాలికి రెండు ఆపరేషన్లు.
ఊరకే వచ్చినాడని టపాకాయలు కాల్చినారు మనోళ్లు.
ఊరకే అనే మాట నా కాడ చెప్పొద్దు సామీ,
టన్నుకింత అని సూటు కోసేది నా పెన్నే.
సంతకానికింత, దళారికింత,
ఇంటి బాడుగ, పెండ్లానికి విమానం టికెట్టు,
తరుగంతా పోను
తట్టలో మిగిలేది ఎంతో
ఆగస్టు దాటినాక చూద్దాం.

ఒకటి ఒప్పుకుంటా.
పుంగనూరు నించి తెచ్చిన ఆ గోలీ పిల్లోడు.
పద్దెనిమిదేండ్లు. పలమనేరు టోర్నమెంటులో చూసినా,
పెనాల్టీకి ముందు చేతులు తొడలకు తుడుచుకోడు వాడు.
వాణ్ని పట్టుకొచ్చినోడు ఎవురో గానీ వానికి నా దండం.

రాత్రి పదకొండుకు ఇంకో ఫోను. బంగారుపాళ్యం మండీ.
"నీ కాటా నికరమంటారు కన్నప్పా.
నెలకు మూడు వేలు ఎక్కువిస్తా, సోమవారం వచ్చెయ్."
దొరస్వామి నాయుడి కాడ పదకొండేండ్లు నేను.
కాంట్రాక్టు లేదు, విండో లేదు,
పుట్టినప్పటి నించి నేను ఫ్రీ ఏజెంటునే,
ఇంతవరకు ఎవురూ నాకు చెప్పలా.

నాయుడు మొన్న మా పాపకు జ్వరమొస్తే
బండి తాళాలు అడక్కుండానే ఇచ్చినాడు.
అదే నాయుడు జీతం పెంచి నాలుగేండ్లయింది.
ఈ రెండూ ఒకే కాటాలో ఎట్ల పెట్టేది?

"ఆలోచించి చెప్తానన్నా" అన్నాను.
ఫోను పెట్టినాక తట్టింది,
ఏదో ఒక రాత్రి లాలు కూడా ఇదే మాట అన్నుంటాడు.
ఏప్రిల్లో వానికి కొడుకు పుట్టినాడని ఇంతియాజు చెప్పినాడు,
నేను ఆ బరువు యాడా రాసుకోలా.

దండెం మీద మూడో నంబరు చొక్కా
సొన మరకతో ఆరతా ఉండాది.
సోమవారానికి ఇంకా మూడు రోజులుండాది.

అయినా గానీ,
జనవరిలో అమ్మాల్సిందబ్బా.